చెక్కుబంది

కల్వకుర్తి రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదురుంగ
రేకుల కింద నా బల్ల.
తొమ్మిది కాకముందే వచ్చి కూసుంది గోసుల ఈదమ్మ.
సంకల సద్దిమూట,
మూటల పాసుబుక్కు.

"స్టాంపు కాయితం ఎంతయితది?"
వీలునామాకు స్టాంపు అక్కెర్లేదమ్మా,
తెల్లకాయితం మీద రాసినా చెల్లుతది.
ఇద్దరు సాక్షులుండాలె,
నీ తెలివి నీకుండాలె.
"తెలివికేం," అన్నది,
"మూడేండ్లు ఆఫీసుల పొంటి తిరిగి తెచ్చుకున్న."

పెనిమిటి ఏం రాయకుంటనే పోయిండు.
బ్యాంకుల లక్షా పదివేలు.
నామినీ గడిల వాళ్లవ్వ పేరు.
ఆ అవ్వ సచ్చి పన్నెండేండ్లు.
సచ్చినోని పైసలకు
సచ్చినామె కావలి.
విరాసత్‌కు ఒక సంతకం, దానికి ముందు ఇంకో సంతకం,
సర్వర్ లేదన్న దినాలు లెక్కకే లేవు.

"రాయి," అన్నది.
"పెద్దోనికి ఇరవయ్యైదు గుంటలు,
బోరు పైపులకు వాడే అప్పు జేసిండు.
చిన్నోనికి ఇరవై.
సుగుణకు పన్నెండు,
వారంల రెండు దినాలు బోరు నీళ్లు."

సుగుణ ఎవలు?
"చెల్లె బిడ్డ. నెలలు నిండని పిల్ల. నేనే సాదిన."
దత్తత కాయితం ఉన్నదా?
"ఏడ్సే పిల్లను ఎత్తుకునేటప్పుడు
కాయితం ఎవలడుగుతరు సారూ?"

కలం పక్కకు పెట్టి చెప్పిన.
నువ్వు పాలు తాపినవు, సదువు జెప్పిచ్చినవు.
చట్టానికి అది తెల్వదు.
రాయకపోతే ఆ పిల్ల నీకేం గాదు.

శానసేపు ఆటోస్టాండు దిక్కు చూసుకుంట కూసుంది.
"ఆమె పేరు రెండుసార్లు రాయి."

"మళ్ల మార్సొచ్చునా?"
బతికున్నన్ని దినాలు మార్చుకోవచ్చు,
ఆఖరుసారి రాసిందే చెల్లుతది.
"గట్లయితే కోడండ్లకు చెప్పకు," అని నవ్వింది.

ఇగ చెక్కుబంది.
తూర్పు: పుల్లయ్య పత్తిచేను.
పడమర: బండ్లబాట.
దక్షిణం: ఒర్రె.
ఉత్తరం?

"ఉత్తరం గట్టుకాడ ఆయన పండుకున్నడు.
ఆయన పక్కపొంటి ఆరడుగులు ఇడిసిపెట్టు.
ఎవ్వలికి రాయకు."

లెక్క కుదరదమ్మా, యాభై ఏడు గుంటలు పంచుడు అయిపాయె.
"కుదిరిచ్చు. రాసుడు నీ పని."

ఇరవై రెండేండ్ల సంది
ఈ బల్ల మీద ఎన్ని ఊర్లు పంచిన్నో.
ఫలానా వారికి చెందవలెను అనుడే వచ్చు నాకు.
ఎవ్వరికీ చెందకూడదు అనేటందుకు
ఏ మాట రాయాల్నో దొరకలే.
మూడుసార్లు కొట్టేసిన.

జిరాక్సు పిలగాడు ఒక సాక్షి,
చాయ్ హోటల్ మైబూబ్ ఒక సాక్షి.
వాళ్లకు ఈ భూమిల గుంటెడు లేదు,
అందుకే పిలిచిన.

నీలిసిర అంటిన బొటనవేలు
నెరిసిన ఎంటికలకు తుడుసుకుంట
ఒక ప్రతి సద్దిమూటల పెట్టుకున్నది.
"ఏడ దాస్తినో సుగుణకు చెప్తలే,
దొరకని కాయితం రాయని కాయితమే గద."

రాతకూలి ఎనిమిదొందలన్న.
కొంగుముడి ఇప్పబోయి ఆగింది.

"ఎవ్వలికియ్యని ఆరడుగులకు గూడ
పైసలేసినవా?"