తుండుగుడ్డ కింద

రాత్రి ఒంటిగంట. గుజ్జు ఫ్యాక్టరీ కాటా ముందు
నలభై రెండు ట్రాక్టర్లు, అన్నీ తోతాపురి.
సొన వాసన మెట్లెక్కి నా గదిదాకా వచ్చింది.
చెంగల్రాయులు కూతురు కాయ ముట్టకుండా
మామిడి వ్యాపారం చేస్తాందని
చిత్తూరు మండీలో ఇప్పటికీ నవ్వుకుంటారు.

తూకాలు రాసే కంటైనర్ మూడోసారి పడిపోయింది. లేపాను.
ఎప్పుడు లేచినా అది ఏమీ గుర్తులేకుండా లేస్తుంది.
నిన్నటి తూకం తెలీదు, తన పేరే తెలీదు.
పురిటిబిడ్డ చెవిలో చెప్పినట్టు నేనే చెప్పాలి:
డేటాబేస్ ఫలానా చోట ఉంది,
తలుపు తీసే మాట ఇదీ అని.
ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ అంటారు.
నాకైతే, గది గాలిలో ఒక మాట కలిపి
ఆ గదిలో ఒకణ్ణి నిద్రలేపడం.

కింద నుంచి లోకనాథం ఫోను:
"మేడం, తెరమీద ఏందో శానా వొచ్చిండాది.
నడాన నీలంకాయ పేరు, పక్కన రేటు మాదిరి అంకె.
అది కొట్టాల్నా?"

చేతులు చల్లబడ్డాయి.
పడిపోతూ పడిపోతూ కంటైనర్
కడుపులో ఉన్నదంతా లాగ్‌లోకి కక్కేసింది.
పోర్టు నెంబరు, టైంజోన్, భాష,
వాటి మధ్య, వరసలో బుద్ధిగా నిలబడి
నా పాస్‌వర్డ్.
టోకెన్ కోసం తలలెత్తిన డ్రైవర్లందరి ఎదుట.

దామలచెరువులో నాయన ధర నోటితో చెప్పేవాడు కాదు.
తుండుగుడ్డ కింద అవతలివాడి చెయ్యి అందుకుని
వేళ్ళు నొక్కేవాడు.
చుట్టూ యాభై మందికి గుడ్డ కనిపించేది.
చెయ్యి వెనక్కి తీస్తే అయిపోయింది.
వేళ్ళకు జ్ఞాపకం ఉండదు మే, అనేవాడు.

నేను పట్టుకున్నదీ అట్లాంటి గుడ్డే అనుకున్నా.
ఇది చెయ్యి వదలదు.
ప్రాసెస్ బతికున్నంతసేపూ నొక్కుతూనే ఉంటుంది,
అది కన్న ప్రతి పిల్ల ప్రాసెస్‌కూ
అడక్కుండానే పంచిపెడుతుంది.
ఇన్‌స్పెక్ట్ అని కొడితే చాలు,
ఎవరికైనా గుడ్డ ఎత్తి చూపిస్తుంది.

రెండున్నరకి పాత మాటను చంపేశాను.
ఆసుపత్రి దుప్పటి కింద
నాయన నా అరచేతిలో నొక్కిన రేటు అది,
ఆయన కుదిర్చిన ఆఖరి లోడు.

కొత్తది ముప్పై రెండు అక్షరాలు. మిషనే కన్నది,
నేను కూడా చదవలేదు.
ఈసారి గాలిలో కలపలేదు.
డిస్కుకు ఎక్కని చిన్న ఫైలులో పెట్టి లోపలికి జరిపాను.
ఒక్కసారి చదువు, మూసెయ్.
కంటైనర్ లేచింది.
మొదటి బండి: ఏడు టన్నుల ఇరవై కిలోలు.

మళ్ళీ లోకనాథం.
"బండ్లు కదిలినాయి మేడం.
ఆ మాట నేనేం చదవలేదులే."
కాసేపు ఆగాడు.
"అయినా నీలం అంత రేటు
ఎప్పుడన్నా పలికిందా?"

నేను పలకలేదు.