ఒక గొట్టం తక్కువ

భీమునివారిపాలెం రేవులో
ఏకాంబరం పడవ మూడు దినాలుగా కట్టేసే ఉండాది.
ఇరకం దీవికి పొయ్యేవాళ్లు వేరే పడవెక్కి
దీని పక్కనే తల తిప్పి చూసి పోతా ఉండారు.
నేను సూళ్లూరుపేట నుంచి
పనిముట్ల సంచితో బస్సులో వొచ్చి దిగినా.

"నీళ్లు తాగతా ఉండాదన్నా," అన్నాడు ఏకాంబరం,
"పొద్దున నింపితే మధ్యాన్నానికి చెంబుడు తక్కువ.
కింద చుక్క పడదు. యాడికి పోతా ఉండాయో
ఆ పులికాటుకే ఎరుక."

వాడికి తెలవకుండానే జవాబు చెప్పేసినాడు.
నాకూ అప్పుడు తెలవలేదు.

ఇంజను నా కంటే పదేళ్లు చిన్నది.
రెండు సిలిండర్లు, పచ్చరంగు మీద పచ్చరంగు,
దాని మీద తుప్పు, తుప్పు మీద పసుపుబొట్టు.
ముందర రబ్బరు పైపులు చూసినా,
పిసికి, మెలిబెట్టి, క్లిప్పుల కింద గోరు దూర్చి.
పంపు కింది చిల్లి పొడిగా ఉండాది.
డిప్‌స్టిక్కు తీసి వేలికి రాసుకున్నా.
నల్లగా ఉండాది. నల్లగానే ఉండాల.
మజ్జిగ మాదిరి తెల్లబడుంటే హెడ్డు విప్పాల,
హెడ్డు విప్పితే ఏకాంబరం ఈ ఏడు వల కొనలేడు.
ఆ నల్లటి నూనె చూసి ఇద్దరమూ
కోర్టులో కేసు కొట్టేసినట్టు నవ్వినాం.

అంటే లోపల్లోపలే.
నీళ్లు దింపేసి, పాత మూతకి వాల్వు అతికించి
సైకిలు పంపుతో గాలి కొట్టినా.
గేజీ ముల్లు పన్నెండు దాకా లేసింది.
బీడీ ముట్టించినా.
బీడీ అయిపొయ్యేలోపు ఏడు.

గాలి పోతా ఉంటే బుస్సుమనాల గదా.
ఇంజను చుట్టూ చెవి బెట్టి తిరిగినా.
ఈ మాట ఇన్నాళ్లూ ఎవురికీ చెప్పలేదు:
ముప్పై ఏళ్లు డీజిలు మోతలో నిలబడి
నా కుడిచెవి ఎప్పుడో మూతపడింది,
ఎడమది ఇప్పుడిప్పుడే
తలుపులు దగ్గిరికేస్తా ఉండాది.
మెకానిక్కుకి చెవి పోయిందంటే పనీ పోతుంది.
అందుకే తలూపతా, పెదవులు చూసి జవాబు చెప్తా
నెట్టుకొస్తా ఉండా.

ఏకాంబరం కూతురు సెల్వి, ఎనిమిదో తరగతి,
గట్టు మీద వల చిక్కులు విప్పతా
నన్నే చూస్తా ఉండాది.
"మామా, నీకు వినపడదు గదా," అనింది.
అడగలేదు. అనింది.

రెంచి తుడిచినా. తుడిచిందే మళ్లీ తుడిచినా.
"రా, నువ్వు విను."

జడ వెనక్కేసుకుని, దమ్ము బిగబట్టి,
ఇనుము మీద చెంప ఆనించి,
రేవులో ఎవురో నవ్వితే చెయ్యెత్తి ఊరుకోమని,
కూలరు డబ్బా దగ్గిర నిలిచిపోయింది.
"ఈడ. చిన్న చేప నోరు తెరిచినట్టు."

మూత విప్పితే తేనెపట్టు మాదిరి
రాగి గొట్టాలు, నలభై ఒకటి.
లోపల ఉప్పునీళ్లు, బయట మంచినీళ్లు,
మధ్యలో కాయితమంత రాగి.
సబ్బునురుగు పూసి మళ్లీ గాలి కొట్టినా.
నాలుగో వరసలో ఒక మూతి మీద
బుడగ లేసి, పగిలి, మళ్లీ లేసింది.
ఉప్పు తినేసింది.
మోసకొచ్చి పోసిన మంచినీళ్లన్నీ
సూదిమొనంత చిల్లిలోంచి పులికాటులో కలిసినాయి.
సరస్సు రవ్వంత కూడా తియ్యబళ్లేదు.

కొత్త కూలరు చెన్నైలో కూడా దొరకదు.
ఇత్తడి కడ్డీ కోసి, ఆకురాయితో మొన తీసి,
రెండు కొసలా దిగ్గొట్టి, టంకం పోసినా.
ఇంక ఆ గొట్టంలో ఏ నీళ్లూ నడవవు.
నలభై చాలు.
ఎండాకాలం నిదానంగా నడపమని చెప్పినా.

వాషర్లు కొత్తవి. మళ్లీ గాలి.
పన్నెండు. రెండు బీడీలు. పన్నెండే.

నీళ్లు నింపి స్టార్టు చేస్తే పడవంతా వణికింది.
గూడబాతులు లేసినాయి, నాకు రెక్కలే తెలిసినాయి.
ఏకాంబరం కూలితో పాటు
కాళ్లు కట్టేసిన పీతలు నాలుగు సంచిలో ఏసినాడు.
ఆ మోతలో సెల్వి ఏందో అనింది.
అలవాటుగా తలూపబోయి
మానుకున్నా.

"మళ్లీ చెప్పు," అన్నా,
"ఈ పక్కకొచ్చి."