మూడో సవరణ

కుతాయిసిలో వాన పట్టింది.
స్టైలస్ మొన అరిగి తెర మీద కీచుమంటోంది.
బతుమి నుంచి వజా గారి మెసేజ్ మళ్ళీ:
"ఎడమ చెవి ఇంకొంచెం వాలాలి, నుత్సా."

ఒప్పందంలో నేనే రాశాను,
రెండు సవరణలు ధరలోనే,
మూడోదానికి ముప్పై లరీలు.
సగం ముందు, సగం ఫైలు అందేటప్పుడు.
రాయడం తేలిక,
రాసేటప్పుడు ఎదురుగా ఎవరూ ఉండరు.

నిరుడు ఒక పెళ్ళివాళ్ళకి
ద్రాక్షపందిరి రంగు పదకొండు సార్లు మార్చాను.
చివరికి "మొదటిదే బాగుంది" అన్నారు.
నవ్వాను.
ఆ నవ్వుకి బిల్లు వేయలేదు.
ఆ నెల గ్యాసుకి కింది వాటాలో ఎతేరిని అప్పడిగాను.
రొట్టెలు కాల్చే మనిషి,
పొయ్యిలోంచి తల తీయకుండానే డబ్బిచ్చి అంది:
"పిండి తూచేటప్పుడు నాకు చుట్టాలుండరు."
ఒప్పందం రాసింది ఆ రాత్రే.

వజా గారు రేవులో నలభై ఏళ్ళు క్రేన్ నడిపారు.
కుక్క పేరు మురా.
ఉన్నది ఒక్కటే ఫోటో, అదీ కదిలిపోయింది,
సగం కుక్క, సగం కంటైనరు.
మిగతా సగం ఆయన చెబుతుంటే గీశాను:
ఓడ కూత వింటే కుడి చెవి నిక్కేది.
ఎడమది, ఒకసారి గొలుసు తగిలాక,
ఇక లేవలేదు.

ఊరికే చేసేయొచ్చు.
ఒక్క లేయరు, పది నిమిషాల పని.
మొహమాటం ఎప్పుడూ ఇంతే,
దయలాగే తలుపు తడుతుంది,
వెళ్ళేటప్పుడు నా గొడుగు పట్టుకుపోతుంది.

టైప్ చేశాను. చెరిపాను. మళ్ళీ టైప్ చేశాను:
"చేస్తానండీ. గురువారం సాయంత్రానికి. ముప్పై లరీలు."
ఫోను బోర్లించి
గిన్నెలు కడిగాను,
కడిగినవే.

తిప్పి చూసేసరికి డబ్బు వచ్చి ఉంది,
కింద రెండు ముక్కలు:
"క్రేనుకి గంట లెక్క ఉండేది.
గంట దాటితే ఏ కెప్టెనూ నన్ను తిట్టలేదు, కట్టాడు.
నువ్వు అడుగుతావో లేదో అనుకున్నాను."

గురువారం చెవి వాల్చాను.
వాల్చాక తెలిసింది,
రెండుసార్లూ ఆయనదే ఒప్పు,
అంతకుముందు అది ఎవరి కుక్కో.

మెడ మీద గొలుసు ఒరిపిడికి
వెంట్రుకలు రాలిన చోటు ఒకటి ఉండాలి.
ఆయన అడగలేదు.
గీశాను.
అది బిల్లులో లేదు.