రెండు బళ్ళ మధ్య

దక్షిణానికి పోయే బండి దాటింది.
గేటెత్తి, పచ్చజెండా చుట్టి మేకుకి తగిలించి
ఖువే గోడ గడియారం చూసింది.
గూడ్సుకి ఇంకా నలభై నిమిషాలు.
కూర వండడానికి చాలదు,
ఆకలిని కూర్చోబెట్టడానికి ఎక్కువ.

హై వాన్ కనుమ మీంచి మబ్బు దిగుతోంది.
గేటు గదిలో ఒక బల్బు, ఒక టెలిఫోను,
బల్ల మీద కూర్చుని కాళ్ళూపుతూ
ఎక్కాలు రాసుకుంటున్న న్యెన్.

నిన్న మామగారి తద్దినం.
ముక్కున గులాబీ కరుచుకుని
పెళ్ళికొడుకులా పీఠమెక్కిన ఉడికిన కోడి
సగం చుట్టాలతో వెళ్ళిపోయింది.
మిగిలిన సగం ఇదిగో, స్టీలు డబ్బాలో,
పసుపు రాసుకున్నట్టున్న చర్మంతో, చల్లగా.

కత్తి వద్దు.
కత్తి తెంపుతుంది, వేళ్ళు విడదీస్తాయి.
చిక్కుపడ్డ జడ విప్పినట్టు
పీచు వెంట పీచు లాగుతోంది ఖువే.
ఎముక దగ్గర మాంసం మొండికేసింది.
అచ్చం మామగారే, అనుకుని
నవ్వొచ్చి, గోడకున్న ఆయన పాత లాంతరు చూసి
నాలిక్కరుచుకుంది.

క్యాబేజీ మాత్రం కత్తికే.
ఉల్లిపాయ పొరలు పొరలుగా తరిగి
వెనిగర్‌లో ముంచితే దాని పొగరు దిగింది.
రావ్ రామ్ ఆకు దూసి అరచేతిలో నలిపింది.
కొత్తిమీర కాదు, మిరియమూ కాదు,
వాన వెలిశాక పట్టాల పక్క గడ్డి
కాస్త కోపంగా ఉంటే వచ్చే వాసన.

"పల్లీలు దంచవే" అంటే
న్యెన్ నాలుగు దంచి ఆరు నములుతోంది.

ఇక అసలు పని.
నిమ్మకాయ పిండింది. నూక్ మామ్ రెండు చెంచాలు,
ఏడాది పొడుగునా చేపల్ని ఉప్పులో ఏడిపించి పట్టిన ఊట.
వెల్లుల్లి. ఎర్ర మిరపకాయ, గింజలతో సహా.
పంచదార డబ్బా మూత తీసిందో లేదో
టెలిఫోను మోగింది.
గూడ్సు పదకొండు నిమిషాలు ముందు!
పన్నెండేళ్ళ కొలువులో
ఆలస్యం తప్ప తొందర చూపించని గూడ్సు.

చెయ్యి కడుక్కునే వ్యవధి లేదు.
గేటు దించి, మునిమాపు వెలుతుర్లో
జెండా చాచి నిలబడింది.
ఇరవై రెండు పెట్టెలు, సిమెంటు దుమ్ము,
నేల కాళ్ళలోంచి పైకి వణికింది.
డ్రైవరు కిటికీలోంచి ముక్కు ఎగబీల్చాడు,
లేదా ఆమెకలా అనిపించింది.

తిరిగొచ్చేసరికి
పంచదార వేసిందో లేదో గుర్తులేదు.
గిన్నెనడిగింది. గిన్నె చెప్పలేదు.
న్యెన్‌ని అడిగింది. దాని నోటినిండా పల్లీలు.
వేలు ముంచి నాకితే కారం ముందు పరిగెత్తుకొచ్చి
మిగతా రుచులకి దారివ్వలేదు.
సరే, ఒక చెంచా. ఇంకో అర.

చేత్తోనే కలిపింది,
పిల్లకి తలంటినట్టు, అడుగునుంచీ పైకి.
వేయించిన చిన్నుల్లిపాయలు చల్లింది,
మిగిలిన పల్లీలు చల్లింది, అంటే కొన్నే.
రొయ్యల అప్పడాలు కొట్లో కొన్నవి. ఎవరడుగుతారు?

డ్యూటీకి వచ్చాడు తోంగ్, తడిసిన టోపీతో.
"తినే వచ్చాను" అన్నాడు, రోజూ అన్నట్టే.
అప్పడం ముక్కతో కొంచెం ఎత్తి
నోట్లో పెట్టుకుని, ఆగాడు.
"తీపి రెండుసార్లు పడింది.
పెద్దాయనుంటే గిన్నె పట్టాల మీదికి విసిరేవాడు."
అంటూనే కూర్చున్నాడు.
న్యెన్ అతని ముందుకి పళ్ళెం తోసింది.
"ఒకసారి విసిరాడు కూడా" నములుతూ అన్నాడు,
"నేను వండిందే."
మూడోసారి తనే వడ్డించుకున్నాడు.

జెండా అప్పగించే ముందు
ఖువే దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది.
నిమ్మ, వెల్లుల్లి, కొంచెం సముద్రం.
రేపు ఉతకాలి.
కాకపోతే ఎల్లుండి.