కొలత

సజ్జా క్యాంపు, ఏడో నంబరు గది. రాత్రి రెండయింది.
ఏసీ నీళ్లు పెయింటు డబ్బాల పడుతున్నయి.
నా ఒళ్లో పాత ల్యాప్‌టాప్,
దాంట్లో వైఫై డ్రైవర్ లోగుట్టు.

గాలిల ఎవడన్న పేరు చెప్తే చాలు,
పొడుగెంతో చూడకుంట లోపలికి రమ్మంటది.
ముప్పై రెండక్షరాల జాగల
వంద దిగితే
మిగిలినయి పక్కోని మంచమెక్కి
ఇంటాయన గొంతుతోటి మాట్లాడతయి.

ఒక్క వరుస రాసిన:
ముందు కొలువు, తర్వాతనే తలుపు.

గప్పుడే తలుపు చప్పుడు.
రాజలింగు తమ్ముడు. కంపెనీ మూసిండ్రట.
చేతిల ప్లాస్టిక్ సంచి. పాస్‌పోర్టు అరబ్బు దగ్గర్నే.

ఆరుగురి గది. అప్పటికే తొమ్మిదిమందిమి.
ఎవ్వరం కొలవలే.
పోశెట్టి నిద్రలనే గోడకు ఒత్తిగిలిండు.

ల్యాప్‌టాప్ ఇంకా అడుగుతనే ఉంది:
రీస్టార్ట్ చేయాల్నా?