బక్కెట్టు ఇరవై

గుత్తి బైపాసులో, పంచరంగడి వెనకాల
నాలుగు నాపబండలు నిలబెట్టి
గోనెపట్ట తలుపు కట్టినాను.
'స్నానం బక్కెట్టు 20, రెండైతే 30' అని
మనవరాలు బొగ్గుతో రాసింది.
మొన్నటి వానకు వత్తు కారిపోయి
'సానం' అయింది.
మేమనేదీ అదే కదా, దిద్దించలేదు.

లారీ ఆగిన చప్పుడును బట్టే చెప్తాను
లోపలి మనిషి ఎన్నాళ్ళు నిద్రపోలేదో.
పోయినోడు బ్రేకు మెల్లగా తొక్కుతాడు.
పోనోడు బండిని నేలకు కుదేస్తాడు.

ముందు దిగేది వాసన.
డీజిలు, బీడీ, వారం దినాల చొక్కా,
సీటు కింద మూత బిగించిన సీసాలో
ఆపలేక పోసుకున్న ఉచ్చ.
మా కోడలు ముక్కుకు కొంగు పెట్టుకుంటాది.
నేను పెట్టుకోను.
మా ఆయన గూడా ఇట్లనే దిగుతుండె.

వాళ్ళు నీళ్ళు పోసుకుంటాంటే
నేను కాలవ చూస్తాను.
ఎర్రగా పారితే బళ్ళారి గనులు.
గంజి మాదిరి పారితే ఎర్రగుంట్ల సిమెంటు.
ఉల్లిపొట్టు తేలితే కర్నూలు మార్కెట్టు.
ఇల్లు కదలనిదాన్ని,
దేశమంతా నా గోంగూర మడికే పారుతాది.

తొడలు ఒరుసుకొని పొక్కులు లేసినోళ్ళు
"అక్కా, రొంత పసుపుందా" అంటారు
తల పక్కకు తిప్పుకొని.
ఏమిటికని అడగను.
పసుపు కన్నా టెంకాయ నూనె మేలని
గోడకు చెప్పినట్టు చెప్తాను.

మొన్న ఒకడొచ్చినాడు, మద్దిలేటి.
నాగపూరు కమలాలు, బెంగుళూరికి.
క్లీనరు లేడు, ఆ జీతం ఓనరు మిగిలించుకున్నాడు.
ఇల్లు డోనులోనే అంట.
ఇంటి ముందర నుంచే వచ్చినాడంట, ఆగలేదు.
"కూర్చుంటే ఇంగ లేవలేనక్కా."
రెండు రాత్రుళ్ళాయె నిద్దర లేక అన్నాడు,
వేళ్ళు మాత్రం మూడు చూపించినాడు.

మొదటి చెంబు చప్పుడు విన్నా.
రెండోది విన్నా.
మూడోది రాలేదు.

పట్ట సందులోంచి చూస్తే
తలనిండా నురగ, చేతిలో చెంబు,
బండకు ఆనుకొని నోరు తెరిచి నిద్రపోతాండాడు.
నురగ జారి కంటి మీదికొచ్చింది.
సబ్బు మంటకు గూడా లేవలేదు.

కంప మీద ప్యాంటు జేబులో ఫోను అరిచింది.
ఆగింది. మళ్ళీ అరిచింది.
పేరు చదవను రాదు నాకు.
అన్నిసార్లు పిలిచేది
పెండ్లామన్నా కావాల, ఓనరన్నా కావాల.
తీసి జొన్నల డబ్బాలో పెట్టి మూతేసినా.
లోపల కొంచేపు గొణిగింది.

ఇద్దరొచ్చి నిలబడినారు సబ్బులు పట్టుకొని.
"మా కోడలుంది లోపల" అన్నా.
ఆ కోడలు వాళ్ళ ఎదురుగానే
పిండి రుబ్బుతాంది.
ఏమనుకున్నారో, గమ్మున బీడీలు ముట్టించినారు.

ఎండ బండ మీదికొచ్చినాక లేచినాడు.
మొగాన నురగ ఎండి సున్నం పెచ్చులైంది.
"కమలాలు" అన్నాడు, మొదటి మాట.
తర్వాతనే గుర్తొచ్చింది వానికి
తాను బట్టల్లేకుండా ఉండాడని.

ఎండకు వెచ్చబడిన నీళ్ళతో
మిగతా సానం చేసి ముప్పై ఇచ్చినాడు.
"నిద్దరకెంత?"
నవ్వుతా అడగలేదు.
"బోర్డులో లేదు కదప్పా" అన్నా.
ఫోను చూసుకున్నాడు. పదకొండు సార్లంట.
"ఎవరు?"
"ఇద్దరూ" అన్నాడు.

సబ్బుముక్క మరిచిపోయినాడు పోతా పోతా.
అట్లాంటివి చానా ఉండాయి గోడ మీద,
ఎర్రవి, పచ్చవి, చింతాకంత అరిగినవి.
శుక్రవారం అన్నీ తడిపి ముద్ద చేస్తాను.
ఏ సబ్బు వాసనా విడిగా తెలీదు.
ఆ ముద్దతోనే గోనెపట్ట ఉతుకుతాను.

ఇప్పుడు లోపల ఇంకెవరో.
ఒకటి.
రెండు.