మూడు లెక్కపెట్టే లోపల

గిరింపేట సందులో మధ్యాహ్నం రెండు.
పదకొండో మంచంకోడు నున్నగా తేలతాండగా
లేతు హెడ్డు మింద చెయ్యి పెట్టినా.
ఒకటి, రెండు,
మూడనకముందే లాక్కున్నా.

నిన్ననే గ్రీసు పెట్టినా.
మళ్ళీ పెట్టినా.
బెల్టు జారతాండాదేమోనని
మోటారును ఇంకో వేలెడు వెనక్కి జరిపినా.
కాక తగ్గలే.
వేపచెక్క వాసనను మింగేసి
కమురు వాసనొకటి లేచింది.

చెంగల్రాయుడు మేస్త్రి వచ్చినాడు.
టీ పక్కన పెట్టి, బెల్టు ఊడదీసి,
స్పిండిల్‌ను ఉత్త చేత్తో తిప్పతా
స్క్రూడ్రైవర్ మొన బేరింగుకు ఆనించి
పిడి చెవికి పెట్టుకున్నాడు,
పక్కింటి గొడవ గోడకానుకుని విన్నట్టు.

"గుండ్లకేం కాలేదు కస్తూరీ.
ఊపిరాడకుండా కుక్కినావు గ్రీసు.
ఎద్దులబండి ఇరుసనుకుంటివా?
తిరిగేదానికి రవ్వంత చోటు ఉండల్ల."

మూత విప్పి వేలితో తోడితే
కొబ్బరిచిప్పెడు వచ్చింది, నల్లగా,
ఆర్డరు తప్పిపోతుందేమోనన్న నా భయమంతా.

నట్టు పావుచుట్టు వదిలినాడు.
బెల్టును బొటనవేలితో నొక్కి చూపించినాడు,
ఈ మాత్రం వంగల్ల అని.
కూలి అడగలే. గాటు పడి చెడిన కోడొకటి
పప్పుగుత్తి చేసుకుంటానని
చంకన పెట్టుకొని పోయినాడు.
టీ అట్లే ఉండిపోయింది.

నాలుగింటికి మళ్ళీ చెయ్యి పెట్టినా.
ఇరవై దాకా వచ్చి లెక్క మరిచినా.
ఇంకా పదమూడు కోళ్ళుండాయి.
గోరువెచ్చగా, సన్నగా అదరతా ఉండాది ఇనుము;
చెయ్యి తీయబుద్ధి కాలే.